స్టీఫెన్ హిస్లాప్ (1817–1863): నాగపూర్ రాళ్లు, మలేరి పళ్లు, కాతేరు గవ్వలు

కొండరాయి:
19వ శతాబ్దంలో ఉద్యోగరీత్యా కాక ఇష్టంకొద్దీ రాళ్లూ శిలాజాలూ సేకరించినవాళ్ల మీద తెలుగులో చదవడానికి పెద్దగా ఏమీ లేదు. నాగపూర్‌లో ఉండిన స్కాట్లండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ గురించి ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. నాలుగు సంగతులు తేలాలి. ఆయన జీవితంలో ఖాయంగా చెప్పగలిగిన తేదీలు, ఆయన పేరు పెట్టిన హిస్లాపైట్ నిజంగా ఖనిజమేనా అన్నది, మన ప్రాంతంతో ఆయనకున్న సంబంధం, నిర్మల్ వైపు చెర్ట్‌లో (సిలికాతో గట్టిపడిన రాయిలో) దొరికే నత్తల్ని గుర్తుపట్టే పద్ధతి. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

సీతాబర్డీ:
తేదీల సంగతి నేను చెబుతాను. పుట్టింది 1817 సెప్టెంబరు 8న, స్కాట్లండ్‌లోని బెరిక్‌షైర్‌లో డన్స్ అనే ఊళ్లో. ఫ్రీ చర్చ్ తరఫున మిషనరీగా 1844 చివర బొంబాయిలో దిగి, 1845 ఫిబ్రవరికి నాగపూర్ చేరారు. 1846లో బడి పెట్టారు. చనిపోయిన ఇరవై ఏళ్లకు, 1883లో, ఆయన పేరు మీదే అక్కడ హిస్లాప్ కాలేజీ వెలిసింది. ఆయన వచ్చేనాటికి నాగపూర్ ఇంకా భోంస్లేల రాజ్యమే, కంపెనీ దాన్ని కలుపుకున్నది 1854లో. 1853లో అచ్చయిన ఆయన మొదటి పెద్ద వ్యాసం పేరులో నాగపూర్ రాజ్యం అని ఉండడం అందుకే.

సహచరుడు రాబర్ట్ హంటర్ 1847లో వచ్చి చేరారు. 1851లో టాక్లీ దగ్గర ట్రాప్ (లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి) పొరల మధ్య మంచినీటి నత్తలు బయటపడ్డప్పటి నుంచి ఇద్దరూ కలిసి పనిచేశారు. టాక్లీ ఇప్పుడు నాగపూర్ ఊళ్లోనే కలిసిపోయింది. 1855లో ఇద్దరి పేరుతో లండన్ జియలాజికల్ సొసైటీ త్రైమాసికంలో నాగపూర్ పరిసరాల భూవిజ్ఞానం, శిలాజాల మీద వ్యాసం వచ్చింది. హంటర్ ఆరోగ్యం పాడై స్వదేశం వెళ్లిపోయారు, తర్వాత పెద్ద నిఘంటువు కూర్చి ఆ పేరుతోనే మిగిలారు. హిస్లాప్ మాత్రం చివరిదాకా ఇక్కడే ఉన్నారు.

బడి, ప్రచారం, గోండుల భాషాసేకరణ ఇవన్నీ ఆయన దినచర్య. రాళ్ల పని వాటి మధ్య సందుల్లో జరిగింది. గోండు పల్లెలకు పోయే దారి, గోండ్వానా అనే పాత, బొగ్గు దొరికే పొరల మీదుగా పోయే దారి ఒకటే కావడం వల్ల ఆ సందులు చాలానే దొరికాయి.

పాతపటం:
ఒక మాట చేర్చాలి. ట్రాప్‌ల మధ్య శిలాజాల సంగతి మొదట పట్టుకున్నది హిస్లాప్ కాదు. మద్రాసు వైద్యశాఖలో పనిచేసిన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1830లలోనే హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే బాటలో సిచెల్ కొండల దగ్గర నత్తల్ని ఏరి లండన్ పంపారు. ఆ కొండలు మన నిర్మల్ వైపువే. అక్కడి శిలాజ నిపుణుడు సోవర్బీ వాటిని పరిశీలించి పెట్టిన పేర్లలో ఫైసా ప్రిన్సెపీ ఒకటి. టాక్లీలో హిస్లాప్‌కు దొరికిన నత్త కూడా అదే జాతి. అంటే దానికి మూల నమూనా తెలంగాణ గడ్డది, నాగపూర్‌ది తర్వాత వచ్చింది. వ్యాసంలో ఈ వరుస తారుమారు కాకూడదు.

అలాగే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా థామస్ ఓల్డమ్ కింద మొదలైంది 1851లోనే. ఆ కొద్దిమంది ఉద్యోగులకు బొగ్గు వెతకడమే సరిపోయేది. నాగపూర్ రాజ్యం వాళ్ల పట్టికలోకి రావడానికి ముందే హిస్లాప్, హంటర్ పొరల వరుస రాసి అచ్చు వేశారు. ఒక పాదిరి రాసిన వ్యాసానికి ఇన్నేళ్లు విలువ నిలవడానికి ఇదొక కారణం.

రాతిసుత్తి:
హిస్లాపైట్ సంగతి. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆచార్యుడు శామ్యూల్ హాటన్ 1859లో రెండు పేర్లు ఒకేసారి పెట్టారు. గడ్డిపచ్చ రంగు కాల్సైట్‌కు హిస్లాపైట్ అని, తెల్లటి బంకమట్టి లాంటి పదార్థానికి హంటరైట్ అని. రెండూ నాగపూర్ నుంచి వెళ్లినవే. ఇవాళ రెండూ స్వతంత్ర ఖనిజాల జాబితాలో లేవు. హిస్లాపైట్ అంటే లోపల పచ్చమట్టి చిక్కుకున్న మామూలు కాల్సైట్. పచ్చదనం కాల్సైట్‌ది కాదు, ఆ మట్టిది.

చేతిలో ముక్క ఉంటే తేల్చుకోవడం కష్టం కాదు. ముందు గీసి చూడండి. రాగి నాణెం గీతకు అటూ ఇటూగా, కఠినత్వం 3 దగ్గర తేలాలి. చాకుమొనకు సులువుగా గీత పడాలి. పడలేదంటే అది పచ్చ చెర్టో, పచ్చ చాల్సిడనీయో అయి ఉంటుంది. నాగపూర్, ఆదిలాబాద్ ట్రాప్‌లలో అవి ఎక్కువ, వాటి కఠినత్వం 7 వరకూ పోతుంది. తర్వాత విరుగుడు చూడండి. కాల్సైట్ మూడు వైపులా ఏటవాలు పలకలుగా విరుగుతుంది.

ఆఖరిది ఆమ్ల పరీక్ష. రెండు గ్రాముల చిన్న పెళ్ల చాలు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు. నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. ముప్ఫై మిల్లీలీటర్లు సరిపోతుంది. బుసబుస పొంగి కాల్సైట్ కరిగిపోయాక అడుగున పచ్చటి మడ్డి మిగిలితే అది హిస్లాపైట్ అన్న పేరు మోసిన సరుకు. ఏమీ మిగలకుండా నీళ్లు పచ్చగానో నీలంగానో మారితే రంగు ఇచ్చింది రాగి. అది వేరే కథ.

ఇక్కడ చాలామంది తప్పుతారు. త్వరగా కరగాలని ఆమ్లాన్ని వేడి చేస్తే పచ్చమట్టిలోని ఇనుము కూడా లాగేసి, ఆఖరికి తెల్లటి సిలికా తుక్కు మిగులుతుంది. అప్పుడు పచ్చదనం కాల్సైట్‌దే అనిపిస్తుంది. మడ్డిని ఇంకా పరీక్షించాలనుకుంటే హైడ్రోక్లోరిక్ వద్దు, ఐదు శాతం అసిటిక్ ఆమ్లం వంద మిల్లీలీటర్లు పోసి ఒక రోజు వదిలేయండి. తర్వాత నాలుగైదుసార్లు మామూలు నీళ్లతో కడిగి, తేర్చి, నీడలో ఆరబెట్టాలి.

కొండరాయి:
హాటన్ ఆ పచ్చమట్టిని గ్లాకొనైట్ అన్నారని చదివాను. గ్లాకొనైట్ సముద్రపు అడుగున పుట్టే ఖనిజం కదా. టాక్లీ నత్తలేమో మంచినీటివి. రెండూ ఎలా కుదురుతాయి?

రాతిసుత్తి:
మంచి ప్రశ్న. చాలా వ్యాసాలు దీన్ని దాటేస్తాయి. హాటన్ కాలంలో పచ్చగా, ఇనుము, పొటాష్ ఉన్న మట్టి దేన్నయినా గ్లాకొనైట్ అనేవాళ్లు. దక్కన్ ట్రాప్ గుల్లల గోడలకు పూత పట్టి ఉండే పచ్చమట్టి సాధారణంగా సెలడనైట్. లావా చల్లారాక వేడినీళ్లు ఊరినప్పుడు పుట్టేది, సముద్రంతో పనిలేదు. రెండూ అభ్రకం కుటుంబానివే, రసాయనంలో దగ్గర చుట్టాలు, కంటికి తేడా దొరకదు. ఎక్స్‌రే వివర్తనంలో 060 గీత చూడాలి. 1.510 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే సెలడనైట్, పైన ఉంటే గ్లాకొనైట్. యూనివర్సిటీ భూవిజ్ఞాన శాఖల్లో ఈ యంత్రం ఉంటుంది. పొడి అర గ్రాము ఇస్తే చాలు. కాబట్టి హిస్లాపైట్‌లో గ్లాకొనైట్ ఉంది గనుక నాగపూర్ ఒకప్పుడు సముద్రం అని మాత్రం రాయవద్దు.

ప్రాణహిత ఒడ్డు:
మన సంబంధం అడిగారు కదా. అసలు బంగారం అంతా ఇక్కడే ఉంది అన్నా. ఉమ్మడి ఆదిలాబాద్‌లో మలేరి అనే ఊరు ఉంది, పాత వ్యాసాల్లో మలేడి అని కనిపిస్తుంది. అక్కడి ఎర్రమట్టి పొరల్లో హిస్లాప్‌కు గట్టులు తేలిన వెడల్పాటి పళ్లు దొరికాయి. ఓల్డమ్ 1859లో వాటిని సెరటోడస్ పళ్లుగా వర్ణించి, ఒక జాతికి సెరటోడస్ హిస్లాపియానస్ అనీ, ఇంకోదానికి హంటరియానస్ అనీ పేరు పెట్టారు. సెరటోడస్ అంటే ఊపిరితిత్తుల చేప. ఆనాటికి దాన్ని పళ్లను బట్టి మాత్రమే ఎరుగుదురు. దాని బతికున్న బంధువు ఆస్ట్రేలియాలో ఉందని శాస్త్రవేత్తలకు తెలిసింది 1870లో. అప్పటికి హిస్లాప్ పోయి ఏడేళ్లు.

పొరల వరుస కింది నుంచి పైకి ఇట్ల రాసుకోండి: యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, దాని పైన కోట. కోట తప్ప మిగతావి ఎక్కువగా ట్రయాసిక్‌వి, కోట జురాసిక్. కోట ఊరు ప్రాణహితకు అవతలి ఒడ్డున సిరొంచ వైపు ఉంది. అక్కడి సున్నపురాతిలో దొరికిన చేప లెపిడోటస్ డెక్కనెన్సిస్‌ను ఈజర్టన్ 1851లో వర్ణించారు, అది హిస్లాప్ సేకరణ కాదు. కోటది మలేరికి, మలేరిది కోటకు అంటగట్టే తప్పు ఇప్పటికీ వస్తుంది. హిస్లాప్ కాలంలోనే ఈ రెండింటినీ కలిపి చెప్పడం మొదలైంది, వయసు లెక్కలు అందుకే చిక్కుబడ్డాయి. నమూనా పక్కన ఊరి పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఎర్రమట్టిలోదా, సున్నపురాతిలోదా అని రాయి రకం కూడా ఉండాలి. అది ఉంటే నూట అరవై ఏళ్ల తర్వాత కూడా పొర తేల్చవచ్చు.

కోట పొరల గొప్ప చూడాలంటే హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటర్‌కు పోండి. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది.

పాతపటం:
సింగరేణి వాళ్లకూ ఒక శిలాజ ఆకు పేరు తెలిసే ఉంటుంది, నోగరాథియాప్సిస్ హిస్లాపీ. నాగపూర్ వైపు కామఠీ, సిలేవాడా, భరత్‌వాడా దగ్గరి ఇసుకరాయి గనుల నుంచి హిస్లాప్ పంపిన ఆకు అచ్చుల్ని బన్‌బరీ 1861లో వర్ణిస్తూ ఆయన పేరు పెట్టారు. ప్రజాతి పేరు తర్వాత మారింది, హిస్లాపీ నిలిచింది. గోదావరి లోయ బొగ్గు పొరల్లో గ్లాసోప్టెరిస్ అనే మరో ప్రాచీన మొక్క ఆకుల పక్కనే ఈ ఆకూ కనిపిస్తుంది. తేడా సులువు. గ్లాసోప్టెరిస్‌కు నడి ఈనె ఉంటుంది, పక్క ఈనెలు వల అల్లుకుంటాయి. నోగరాథియాప్సిస్‌కు నడి ఈనె ఉండదు, ఈనెలన్నీ మొదలు నుంచి విసనకర్రలా విచ్చుకుంటూ చీలిపోతాయి. కామఠీ అనే పేరు ఇప్పుడు మన వైపు పొరలకూ వాడుతున్నాం.

ఆయన ఎవరికి ఏది పంపారన్నది చూస్తే పని తీరు తెలుస్తుంది. మంగలీ అనే ఊరి నుంచి దొరికిన చప్పటి పుర్రెను ఓవెన్ 1855లో బ్రాకియాప్స్ లాటిసెప్స్ అన్నారు. అది ప్రాచీన ఉభయచరం. పురుగుల రెక్కల కప్పుల్ని ఆండ్రూ మర్రే 1860లో, మంగలీలో దొరికిన ఎస్తీరియా అనే చిన్న నీటి జీవి చిప్పల్ని రూపర్ట్ జోన్స్ 1862లో చూశారు. మొక్కలు బన్‌బరీకి, ఖనిజాలు హాటన్‌కు. తను మాత్రం నత్తలు, ఆల్చిప్పల వర్ణన చేతిలోకి తీసుకున్నారు. మిగతా ఏ వర్గంలోనూ చేయి పెట్టలేదు.

కాతేరు క్వారీ:
ఆ నత్తల వ్యాసం గురించి నేను చెబుతానండి. 1860లో వచ్చిన ఆ వ్యాసంలో సగం మన గోదావరి సరుకే. రాజమండ్రి పక్కన కాతేరు రాతి గనుల్లో రెండు ట్రాప్‌ల మధ్య సున్నపురాతి పొర ఉంది, అవతలి గట్టున పంగిడి, దుద్దుకూరు వైపూ ఉంది. అక్కడి గవ్వలకు హిస్లాప్ పెట్టిన పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: టరిటెల్లా ప్రీలాంగా, కార్డిటా వేరియబిలిస్, సెరిథియం స్టాడర్డీ.

నాగపూర్‌కు, కాతేరుకు ముఖ్యమైన తేడా ఉంది. టాక్లీలో ఉన్నవన్నీ చెరువు, మడుగుల జీవాలు. కాతేరులో ఉప్పునీటి గవ్వలు, నదీముఖపు గవ్వలు కలిసి ఉంటాయి. ఒకే లావా కాలంలో లోపల చెరువులూ ఇక్కడ సముద్రపు అంచూ ఉన్నాయని ఆ వ్యాసం చదివితే అర్థమవుతుంది. దుద్దుకూరులో ట్రాప్ కింద మరో సముద్రపు పొర కూడా ఉంది, దాన్ని ట్రాప్‌ల మధ్య పొరతో కలపకండి.

కొండరాయి:
చాలా విషయం దొరికింది. ఇంకో సందేహం. నత్తల పొరకు కింద ఉన్న ట్రాప్ ఆ పొర తర్వాతే వచ్చిందని హిస్లాప్ అన్నట్టు ఒకచోట చూశాను. నిజమేనా?

పాతపటం:
నిజమే. టాక్లీలో నత్తల పొరకు పైన ఒక ట్రాప్, కింద గుల్లగుల్లగా ఇంకో ట్రాప్ ఉన్నాయి. ముందు చెరువు మడ్డి పేరుకుందనీ, దాని మీద పై ట్రాప్ పారిందనీ, ఆ తర్వాత గుల్లల ట్రాప్ కింది నుంచి చొచ్చుకొచ్చి దూరిందనీ వాళ్ల వాదన. జియలాజికల్ సర్వేలో పనిచేసిన బ్లాన్‌ఫర్డ్ తర్వాత దీన్ని సరిదిద్దారు. లావా పారడం, ఆగిన మధ్యకాలంలో మడుగులు ఏర్పడడం, మళ్లీ లావా పారడం అన్నదే ఇవాళ అందరూ ఒప్పుకున్న వరుస. వయసులో కూడా హిస్లాప్ ఈయోసీన్ అన్నారు, అంటే అసలుకంటే తర్వాతి కాలం. ఇప్పటి లెక్క 6.6 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూ, క్రెటేషియస్ చివరా పేలియోసీన్ మొదలూ.

రాతిసుత్తి:
చొచ్చుకొచ్చిన ట్రాప్‌నూ, పైన పారిన లావానూ క్షేత్రంలో వేరుచేసే పద్ధతి కూడా వ్యాసంలో పెట్టండి. చొచ్చుకొచ్చిన రాయి తనకు కిందా పైనా ఉన్న మట్టిని రెండువైపులా కాలుస్తుంది. పైకి పారిన లావా తన కింది మట్టిని మాత్రమే కాలుస్తుంది. దాని పై ముఖం బుడగల గుల్లలతో, ఎండావానకు కుళ్లి, కొన్నిచోట్ల ఎర్రమట్టి పొరగా ఉంటుంది. కాబట్టి చూడాల్సింది చెరువు మడ్డికి అడుగు భాగం. అక్కడ కాలిన గుర్తు లేకుండా కింది లావా కుళ్లు ముఖం మీద మడ్డి మెత్తగా కూర్చుని ఉంటే, లావా ముందు, మడ్డి తర్వాత. చిక్కెక్కడ వస్తుందంటే, మడ్డి తర్వాత సిలికా ఊరి చెర్ట్‌గా గట్టిపడింది. ఆ గట్టిదనాన్ని వేడికి కాలిన గుర్తు అనుకునే ప్రమాదం ఉంది. కాలిన మట్టి రంగు మారి, ఇటుకలా చితుకుతుంది. చెర్ట్ గాజులా చిప్పలుగా లేస్తుంది.

పాతపటం:
ఇప్పుడు ఫైసా గుర్తులు. శిఖరం పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకోండి. నోరు ఎడమవైపుకు తెరుచుకుంటే ఫైసా, కుడివైపుకు ఐతే లిమ్నియా లేదా పాలుడినా అనే వేరే నత్తలు. ఫైసా చివరి చుట్టు మిగతా అంతటినీ మింగినంత పెద్దగా ఉబ్బి ఉంటుంది. పాలుడినాకు చుట్లు గుండ్రంగా, మెట్లు మెట్లుగా ఉంటాయి. ఫైసా ప్రిన్సెపీలో రెండంగుళాలు దాటినవీ ఉన్నాయి. ఫోన్ ముందు కెమెరాతో తీస్తే బొమ్మ కుడి ఎడమలు తిరగబడి ఫైసా లిమ్నియా అవుతుంది. పాత రాతి అచ్చు బొమ్మల్లోనూ ఇదే ఇబ్బంది వస్తుంది. బొమ్మను కాదు, వర్ణనను నమ్మండి. చెర్ట్‌లో మీకు చాలాసార్లు దొరికేది గవ్వ కాదు, లోపలి పోత (గవ్వ లోపల మడ్డి నిండి గట్టిపడిన అచ్చు) మాత్రమే. దాని మీద చుట్ల మధ్య గాడి అసలుకంటే లోతుగా కనిపిస్తుంది.

కాతేరు క్వారీ:
భద్రపరచడం గురించి కూడా. చెర్ట్‌కు మందేమీ అక్కర్లేదు, నీళ్లు, గట్టి బ్రష్ చాలు. తడిపి చూస్తే నత్త కోతలు స్పష్టంగా తేలతాయి. కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, ఆ చిప్పలు బ్లేడులా ఎగురుతాయి. కాతేరు గవ్వలు దీనికి పూర్తి వ్యతిరేకం. అవి సున్నం, ఆమ్లం చూపించకూడదు. తడి మట్టితో సహా చేతి పిడికిలంత పెళ్లగా కోసి, వార్తాపత్రికలో చుట్టి, నీడలో వారం రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే మట్టి బిగుసుకుని గవ్వ పగులుతుంది. ఆరాక వెదురుపుల్లతో మట్టి దులిపి, పారలాయిడ్ బి-72 (నమూనాను గట్టిపరిచే ప్లాస్టిక్ జిగురు) ఐదు గ్రాములు వంద మిల్లీలీటర్ల అసిటోన్‌లో కరిగించి చుక్క చుక్కగా పట్టించాలి. పది శాతం దాటితే పైన మెరిసే తొడుగు కడుతుంది, లోపలికి ఇంకదు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు చేస్తే తెల్లటి పొగలాంటి మచ్చ వస్తుంది. ఎపాక్సీ వాడితే మళ్లీ ఊడదు. బి-72 అసిటోన్ తగిలితే ఊడుతుంది, మ్యూజియంలు దాన్ని ఎంచుకున్నది అందుకే. అసిటోన్ దగ్గర నిప్పు ఉండకూడదు.

నంబరు రాసేముందు అదే ద్రావణం చిన్న చుక్క పూసి, ఆరాక ఇండియన్ ఇంకుతో రాసి, పైన ఇంకో పూత వేయండి. చీటీ పెట్టెలో మాత్రమే ఉంటే, పెట్టె మారిన రోజున నమూనా అనాథ.

రాతిసుత్తి:
ట్రాప్ గుల్లల్లో హ్యూలండైట్, స్టిల్బైట్, అపోఫిల్లైట్ అనే స్ఫటికాలు తెచ్చుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. వాటి పక్కన తెల్లటి సన్నటి కడ్డీల్లా లామొంటైట్ ఉంటే, పొడిగాలిలో అది నీరు పోగొట్టుకుని పొడైపోతుంది. అపోఫిల్లైట్‌ను వేడినీళ్లలో కడగవద్దు, పలకలుగా విడిపోతుంది. హిస్లాప్ కాలంలో నాగపూర్‌కు రైలు లేదు, అది చేరింది 1867లో. సూయజ్ కాలువ 1869. ఎద్దుబండి మీద బొంబాయికి, అక్కడి నుంచి ఓడ. అలాంటి ప్రయాణంలో పాడయ్యేది కుదుపు వల్లే కాదు, నమూనాలు ఒకదానికొకటి తగలడం వల్ల. ఒక్కోదాన్ని విడిగా చుట్టి, బరువైనవి అడుగున, సన్నవి వేరే పెట్టెలో. ఇవాళ కొరియర్‌కు కూడా ఇదే నియమం.

సీతాబర్డీ:
మరణం గురించి పొరపాటు రాతలు ఎక్కువ, కాబట్టి సరిగ్గా రాయండి. 1863 సెప్టెంబరు 4న చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్‌తో కలిసి నాగపూర్‌కు దక్షిణాన టాకల్‌ఘాట్ దగ్గర బృహత్ శిలాయుగపు రాతి వలయాలు చూడటానికి వెళ్లారు. రాత్రి గుర్రం మీద ఒంటరిగా తిరిగివస్తూ, బోరి దగ్గర వానకు పొంగిన వాగు దాటబోయి మునిగిపోయారు. నలభై ఆరేళ్లు నిండడానికి నాలుగు రోజులు తక్కువ. ఆదివాసుల మీద ఆయన రాసిపెట్టుకున్న కాగితాలను టెంపుల్ 1866లో అచ్చు వేయించారు. అందులో గోండీతో పాటు కొలామీ, ‘నాయకుడే’ అనే భాషల మాటల పట్టికలూ ఉన్నాయి. ఆదిలాబాద్ భాషల మీద పనిచేసేవాళ్లు అది చూడాలి.

కొండరాయి:
నమూనాలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి? బొమ్మలు అడగాలంటే ఏం రాయాలి?

పాతపటం:
జియలాజికల్ సొసైటీకి పంపిన విదేశీ సేకరణ 1911లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి మారింది. ముందు అక్కడి ఆన్‌లైన్ పట్టికలో వెతకండి. ఒక్క పేరుతో సరిపెట్టకండి: మలేరి, మలేడి, మల్లేరి, అలాగే టాక్లీ, టాకలీ, రాజమండ్రి పాత రూపాలు అన్నీ వేసి చూడాలి. జాతి పేరు మారిపోయి ఉంటుంది కాబట్టి మొదటి వర్ణన నాటి పేరు, ఇప్పటి పేరు రెండూ వేయండి. దొరికితే రిజిస్టర్ నంబరు రాసుకుని, ఆ నంబరుతోనే ఉత్తరం రాయండి. అడిగేది మూడు సంగతులు: కొలబద్దతో ఉన్న ఫొటో, పాత చీటీ ఫొటో ముందూ వెనకా, రాయి రకం. చీటీ వెనక చేతిరాత ఉంటే అది విడిగా అడగండి, సాధారణంగా ముందు వైపే తీస్తారు. నాగపూర్ సెంట్రల్ మ్యూజియం, స్థానికులు అజబ్ బంగ్లా అనేది, 1863లోనే మొదలైంది. అక్కడికి కూడా ఇదే ప్రశ్నతో ఉత్తరం వేయండి.

ప్రాణహిత ఒడ్డు:
మలేరి వైపు పోయి చూడాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఎర్రమట్టి పొరలు చాలావరకు చేలల్లో, అటవీ భూముల్లో ఉన్నాయి. చేను ఐతే రైతును, అడవి ఐతే అటవీశాఖను అడగకుండా ఏదీ తీయవద్దు. పన్ను కనిపిస్తే కదిలించే ముందు చుట్టూ ఉన్న మట్టితో సహా ఫొటో తీసి, జీపీఎస్ రాసుకుని, మట్టి రంగు, కింద ఏ రాయి, పైన ఏ రాయి అన్నది నోట్ చేయండి. వానాకాలం తర్వాత అక్టోబరు, నవంబరులో మట్టి కడిగి ఉంటుంది, అప్పుడే పళ్లు పైకి తేలతాయి.